నొప్పి తగ్గిన రోజూ, బరువెత్తే రోజూ ఒకటి కాదు

2019 మే నెలలో నీరజ్ చోప్రా కుడి మోచేతికి ముంబైలో సర్జరీ జరిగింది. జావెలిన్ విసిరే చెయ్యే అది. ఆ సీజనంతా పోయింది, దోహాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా తప్పిపోయింది. 2020 జనవరి 28న దక్షిణాఫ్రికాలోని పోచెఫ్‌స్ట్రూమ్‌లో మళ్లీ బరిలోకి దిగి 87.86 మీటర్లు విసిరాడు. టోక్యో ఒలింపిక్స్‌కి కావలసిన అర్హత 85 మీటర్లే. ఏడాదిన్నర తర్వాత అదే టోక్యోలో బంగారు పతకం తెచ్చిపెట్టిన విసురు 87.58 మీటర్లు. అంటే సర్జరీ అయిన చెయ్యి, తిరిగొచ్చిన తొలి పోటీలోనే ఒలింపిక్ స్వర్ణం కంటే 28 సెంటీమీటర్లు ఎక్కువ దూరం విసిరింది. సర్జరీకీ ఆ తొలి పోటీకీ మధ్య గడిచిన కాలం తొమ్మిది నెలలకు కొద్ది రోజులు తక్కువ.

2021 మార్చి 23న పుణెలో ఇంగ్లండ్‌తో వన్డే ఆడుతూ, ఫీల్డింగ్‌లో డైవ్ చేసిన శ్రేయస్ అయ్యర్ ఎడమ భుజం జారింది. ఏప్రిల్‌లో సర్జరీ అయింది. సెప్టెంబరు 22న దుబాయ్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మీద 47 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. గాయమైన రోజు నుంచి లెక్కేస్తే ఆరు నెలలు. రోజంతా వెంట ఉండే ఫిజియో, అందుబాటులో సమస్త పరికరాలు, కోలుకోవడమే ఉద్యోగం. అన్నీ ఉండి కూడా అంతకాలం పట్టింది.

మన దగ్గర జరిగేది వేరు. బండి మీంచి పడి మణికట్టు విరిగినవాళ్లూ, బాత్రూములో జారి భుజం మీద పడినవాళ్లూ ఆరో వారంలో కట్టు విప్పించుకుంటారు. ఎనిమిదో వారానికి నొప్పి పెద్దగా ఉండదు. పదో వారంలో గ్యాస్ సిలిండరో, జిమ్‌లో పాత బరువో ఎత్తుతారు. నొప్పి లేదు కదా అన్నదే వాళ్ల కొలమానం. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. నొప్పికి ఒక లెక్క, కండరానికి ఇంకో లెక్క, ఎముకకూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కూ వేరే లెక్క. మూడూ ఒకే వేగంతో కోలుకోవు. ఆ తేడా ఎన్ని వారాలో తెలిస్తే ఎప్పుడు ఎంత ఎత్తాలో దానంతటదే తేలుతుంది.

కట్టు కింద పోయేదెంత

కండరాన్ని కదపకుండా ఉంచితే అది ఎంత వేగంగా తగ్గుతుందో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు 24 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ల మీద కొలిచి 2014లో ప్రచురించారు. మోకాలు కదలకుండా కట్టు వేశారు. 5 రోజులకే తొడ కండరం అడ్డుకోత వైశాల్యం 3.5 శాతం తగ్గింది, బలం 9 శాతం పడిపోయింది. 14 రోజులు కట్టు ఉన్నవాళ్లలో ఆ వైశాల్యం 8.4 శాతం, బలం 23 శాతం తగ్గాయి. కాలికి వచ్చిన అంకెలు చేతికి అచ్చంగా వర్తించకపోవచ్చు గానీ ఆ రెండింటి మధ్య ఉన్న దూరం చూడండి. కండ తగ్గిన దానికి రెండున్నర రెట్లకు పైగా బలం తగ్గింది.

దీనికి కారణం కండరంలోనే లేదు. మెదడు నుంచి వెన్నుపాము మీదుగా కండరానికి వెళ్లే ఆజ్ఞ మందగిస్తుంది. వాడని చేతిలో కొన్ని కండర తంతువులకు పిలుపే అందదు. పిండికట్టు అయినా, పుత్తూరు కట్టు అయినా, బట్టతో కుట్టిన స్లింగ్ అయినా కదలిక ఆగిందంటే జరిగేది ఇదే. (ఏ కట్టు వేయించుకున్నా ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి, ఇందులో మినహాయింపు లేదు.)

ఈ సంగతిలో ఒక శుభవార్తా ఉంది, ఒక ఉచ్చూ ఉంది. కట్టు విప్పాక మొదటి మూడు నాలుగు వారాల్లో బలం చకచకా తిరిగొస్తుంది, ఎందుకంటే ముందు మేలుకునేది నరాల దారి. నిన్న ఎత్తలేని చెంబు ఇవాళ ఎత్తగలుగుతారు, రేపు బిందె పట్టుకోవాలనిపిస్తుంది. కానీ ఆ వేగం నరాలది. కింద అతుకుతున్న ఎముకా, టెండనూ అంత వేగంగా నడవడం లేదు.

మంచి చేతికి పని చెబితే

గాయమైన చెయ్యి స్లింగ్‌లో ఉన్నన్నాళ్లూ రెండో చేతిని కూడా విశ్రాంతిలో పెట్టేస్తాం. అలా పెట్టకూడదు. ఒక చేతికి కసరత్తు చేయిస్తే రెండోదానికీ కొంత బలం వస్తుందన్న సంగతి 1894 నుంచీ తెలుసు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం ఒక చేతితో మాత్రమే పిసికే కసరత్తు చేయించింది. కొన్నాళ్లకు రెండు చేతులూ పరీక్షిస్తే, ఏమీ చేయని చేతి పట్టు కూడా పెరిగింది.

ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు పదుల సంఖ్యలో జరిగాయి. 31 అధ్యయనాలు, 785 మంది వివరాలు కలిపి 2017లో వేసిన లెక్క ప్రకారం, కసరత్తు చేయని అవయవానికి సగటున 11.9 శాతం బలం వచ్చింది. చేతుల్లో 9.4 శాతం, కాళ్లలో 16.4 శాతం. తొమ్మిది శాతం చిన్నదే అనిపించవచ్చు. కానీ ఇది మామూలుగా తిరిగే చేతికి అదనంగా వచ్చిన బలం. కట్టులో ఉన్న చేతి విషయంలో అసలు ప్రశ్న ఎంత వచ్చిందని కాదు, ఎంత పోకుండా ఆగిందని.

దానికి కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం నుంచి మంచి జవాబు వచ్చింది. 2018లో ప్రచురించిన ప్రయోగంలో 16 మంది ఒక ముంజేతికి 4 వారాలు కట్టు వేశారు. సగం మందికి ఏమీ చెప్పలేదు, మిగతా సగం మంది కట్టు లేని చేతితో వారానికి 3 సార్లు మణికట్టు కసరత్తు చేశారు. మణికట్టు వంచే కండరాల బలం కొలిస్తే ఏమీ చేయనివాళ్లది 21.6 శాతం పడిపోయింది. రెండో చేతితో శ్రమ పడినవాళ్లకు బలం దాదాపుగా ఉన్నచోటే ఉంది. కట్టులో ఉన్న చెయ్యి ఒక్కసారి కూడా కదల్లేదని గుర్తుంచుకోండి.

వీళ్లంతా ఆరోగ్యవంతులే. నిజంగా ఎముక విరిగినవాళ్ల సంగతేమిటి? అదే విశ్వవిద్యాలయం వాళ్లు 50 ఏళ్లు దాటి, మణికట్టు విరిగిన మహిళల మీద చేసిన ప్రయోగాన్ని 2013లో ప్రచురించారు. అందరికీ మామూలు చికిత్సే ఇచ్చారు, ఒక బృందం మాత్రం అదనంగా మంచి చేతి పట్టును పెంచే కసరత్తు చేసింది. విరిగిన 12 వారాలకు దెబ్బ తగిలిన చేతి పట్టు కొలిస్తే కసరత్తు చేసినవాళ్లకు సగటున 17.3 కిలోలు, చేయనివాళ్లకు 11.8 కిలోలు. 26 వారాలు వచ్చేసరికి ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ చివరి వాక్యం చూసి, ఆర్నెల్లకు ఎలాగూ సమానమయ్యేదానికి ఇంత కష్టమెందుకని పక్కన పెట్టేవాళ్లుంటారు. నేను అలా అనుకోను. మూడో నెలలో ఐదున్నర కిలోల పట్టు ఎక్కువ ఉండటమంటే కుక్కర్ మూత తనే తీసుకోవడం, తడిబట్ట పిండుకోవడం, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడగలగడం. ఒంటరిగా ఉండే అరవయ్యేళ్ల మనిషికి ఆ మూడు నెలలే అసలు కష్టం.

చేయడం కూడా తేలికే. కుర్చీలో కూర్చుని, మంచి చేతితో డంబెల్ మోచేయి దగ్గర మడిచి ఎత్తండి. ఎత్తేటప్పుడు 2 సెకన్లు, దించేటప్పుడు 4 సెకన్లు. దించే దశను నెమ్మదిగా, బరువుతో చేస్తే రెండో చేతికి చేరే లాభం ఎక్కువ. తేలిక బరువుతో ఊపితే లాభం లేదు, 8 నుంచి 10 సార్లకు చెయ్యి అలసిపోయేంత బరువు ఉండాలి. ఊపిరి బిగపట్టకూడదు. సర్జరీ అయిన మొదటి రోజుల్లో ఉన్నవాళ్లు, రక్తపోటు ఎక్కువ ఉన్నవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. కాళ్లకు కూడా పని ఉంది. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, నడక. స్లింగ్ వేసుకుని ట్రెడ్‌మిల్ మాత్రం ఎక్కొద్దు. కాలు తడబడితే ముందుకు చాచడానికి ఒక చెయ్యి లేదు.

టెండన్ ఏ వారానికి ఎంత గట్టిపడుతుంది

భుజం గిన్నె లోతు తక్కువ. బంతిలాంటి చేతి ఎముక తలను ఆ గిన్నెలో నిలబెట్టి ఉంచేది నాలుగు చిన్న కండరాల టెండన్లు, వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వయసుతో చిరిగేదీ, పడినప్పుడు చిరిగేదీ ఎక్కువగా ఇదే. సర్జరీలో దాన్ని ఎముకకు కుట్టేస్తారు.

కుట్టిన టెండన్ బలాన్ని మనిషిలో లాగి చూడలేం కాబట్టి క్రిస్టియన్ గెర్బర్ బృందం గొర్రెల్లో చూసింది. 1999లో వెలువడిన ఆ లెక్క ఇప్పటికీ ఫిజియోథెరపీ తరగతుల్లో చెబుతారు. మామూలు టెండన్ తెగడానికి ఎంత బలం కావాలో దాన్ని నూరు అనుకుంటే, కుట్టిన టెండన్ 6 వారాలకు 30, 3 నెలలకు 52, 6 నెలలకు 81. ఆరు నెలలకు కూడా నూరు కాలేదు. గొర్రె నాలుగు కాళ్ల మీద నడుస్తుంది, మన భుజం అలాంటిది కాదు. అయినా సర్జన్లు ఇచ్చే షెడ్యూలు ఈ అంకెలకు దగ్గరగానే ఉంటుంది. 4 నుంచి 6 వారాలు స్లింగ్, ఆ సమయంలో చేతిని ఫిజియో కదిపితేనే కదలాలి. 6 నుంచి 12 వారాల మధ్య ఖాళీ చేతిని సొంతంగా కదపడం. 12 వారాల తర్వాతే రబ్బరు బ్యాండు, చిన్న బరువు. తల మీదికి బరువెత్తడం, బలంగా విసరడం ఐదారు నెలల తర్వాత. చిరుగు పెద్దదైతే ఇంకా ఆలస్యం. మీ సర్జన్ కుట్టు ఎంత బిగువుగా పడిందో కళ్లారా చూశారు కాబట్టి, పై వారాల కంటే ఆయన రాసిచ్చిన వారాలే పాటించాలి.

ఇక నొప్పి సంగతి. పెద్ద చిరుగులను కీహోల్ పద్ధతిలో కుట్టిన 18 మందికి ఏడాది తర్వాత స్కాన్ తీసిన వివరాలు 2004లో అమెరికాలో ప్రచురితమయ్యాయి. 18 మందిలో 17 మందికి కుట్టిన చోట మళ్లీ చిరిగింది. అదే 18 మందిలో 16 మందికి నొప్పి తగ్గింది, 12 మందికి అసలు నొప్పే లేదు. లోపల తెగి ఉన్నా పైకి హాయిగా ఉన్నారన్నమాట. భుజం నొప్పి లేదంటే అతుక్కుందని అర్థం కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి అంకె దొరకలేదు.

ఇదే మాట తిరగేసినా నిజమే. జపాన్‌లో ఒక ఊళ్లో 664 మంది భుజాలను అల్ట్రాసౌండ్‌తో పరీక్షిస్తే 147 మందికి రొటేటర్ కఫ్ పూర్తిగా చిరిగి ఉంది. వాళ్లలో 65 శాతం మందికి ఏ బాధా లేదు. కాబట్టి యాభై దాటిన మనిషి ఎంఆర్ఐ రిపోర్టులో చిరుగు అని కనిపించగానే ఇక చెయ్యి పోయిందనుకోనక్కర్లేదు. పడటం వల్ల కాకుండా నిదానంగా అరిగి చిరిగిన 452 మందికి అమెరికాలో ముందు ఫిజియోథెరపీ ఇచ్చి చూశారు. రెండేళ్లలో సర్జరీకి వెళ్లినవాళ్లు 25 శాతం లోపే. వెళ్లినవాళ్లలో కూడా ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే వెళ్లారు. అంటే మూడు నెలలు ఓపిక పట్టి కసరత్తు చేస్తే దారి ఎటో చాలావరకు తేలిపోతుంది.

అయితే పడిన మరుక్షణం నుంచి చెయ్యి పైకి లేవకపోతే ఈ ఓపిక పనికిరాదు, వెంటనే సర్జన్‌కి చూపించాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, చెయ్యి చల్లబడినా, సర్జరీ తర్వాత జ్వరంతో కుట్లు ఎర్రబడినా అంతే.

లీటరు సీసా లెక్క

జిమ్‌లో కుర్రాళ్లకు రెండు కిలోల డంబెల్ చూస్తే చిన్నచూపు. కోలుకుంటున్న భుజానికి అదెంత బరువో ఉజ్జాయింపుగా లెక్కేద్దాం. మనిషి ఒక చెయ్యి మొత్తం శరీర బరువులో దాదాపు 5 శాతం. 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు. చేతిని పక్కకు తిన్నగా చాచితే ఆ బరువు భుజానికి దాదాపు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. మూడున్నరను 30తో గుణిస్తే 105. ఇది ఖాళీ చెయ్యి ఎత్తడానికి భుజం పడే శ్రమ. ఇప్పుడు లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. అది కిలో, భుజానికి 65 సెంటీమీటర్ల దూరంలో ఉంది. మరో 65 కలిసి మొత్తం 170. ఒక్క కిలోతో భుజం శ్రమ 60 శాతానికి పైగా పెరిగింది. రెండు కిలోల డంబెల్ అయితే 235, రెట్టింపు దాటింది.

అదే సీసాతో మోచెయ్యి మడిచి ఎత్తితే? సీసా భుజానికి 30 సెంటీమీటర్ల దూరానికి వచ్చేస్తుంది, చేతి సొంత బరువు కూడా దగ్గరికి జరుగుతుంది. అంతా కలిపి సుమారు 100. అంటే ఖాళీ చెయ్యి చాచి ఎత్తిన దానికంటే సీసాతో మోచెయ్యి మడిచి ఎత్తడమే తేలిక. ఫిజియో మొదట మోచెయ్యి మడిపించి ఎందుకు చేయిస్తారో, పై అరలోంచి చెయ్యి చాచి డబ్బా తీయొద్దని ఎందుకంటారో ఇందులోనే ఉంది. బరువెంత అని అడిగే ముందు అది ఒంటికి ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి.

కఫ్ కండరాలకు ఎక్కువ పని చెప్పి కీలుకు తక్కువ శ్రమ ఇచ్చే కసరత్తు ఒకటి ఇంట్లో మంచం మీదే చేయవచ్చు. బలం పెంచే దశకు ఫిజియో అనుమతి ఇచ్చాక, మంచి చేతివైపు ఒత్తిగిల్లి పడుకోండి. గాయమైన చెయ్యి పైన ఉంటుంది. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య తువ్వాలు చుట్టి పెట్టండి. మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి, అరచెయ్యి పొట్ట దగ్గర ఉంచి, మోచెయ్యి తువ్వాలు మీంచి లేవకుండా ముంజేతిని మాత్రమే కప్పు వైపు లేపండి. నెమ్మదిగా దించండి. 2004లో ఏడు రకాల కసరత్తులు పోల్చి కండరాల విద్యుత్ చురుకుదనం కొలిస్తే, భుజం వెనకవైపు ఉండే రెండు కఫ్ కండరాలూ ఈ ఒక్కదానిలోనే అన్నిటికంటే ఎక్కువ పనిచేశాయి. ఒకటి తన గరిష్ఠ శక్తిలో 62 శాతం, ఇంకొకటి 67 శాతం. మొదటి వారం ఖాళీ చేతితోనే చేయాలి. చాలామందికి అదే చాలా కష్టంగా ఉంటుంది, అందులో నామోషీ ఏమీ లేదు.

3 సెట్లు, 10 రెప్స్

ఏ జిమ్‌కి వెళ్లినా వినిపించే మూడు సెట్లు, పదేసి రెప్స్ అన్న మాట బాడీబిల్డర్లది కాదు. ఆసుపత్రిలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులు షికాగోలోని గార్డినర్ జనరల్ ఆసుపత్రిలో నెలల తరబడి మంచాల మీద ఉండిపోతుంటే, థామస్ డెలోర్మ్ అనే యువ ఆర్మీ డాక్టర్ వాళ్లచేత బరువులు ఎత్తించాడు. అప్పటిదాకా గాయానికి తేలిక కదలికలే మందు అన్న అభిప్రాయం ఉండేది. డెలోర్మ్ చిన్నతనంలో రుమాటిక్ ఫీవర్‌తో నెలల పాటు మంచాన పడి, బరువులెత్తి కోలుకున్న మనిషి. తన పద్ధతిని 1945లో ప్రచురించినప్పుడు ఏడేసి సెట్లు చేయించేవాడు. 1948 నాటికి ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి దాన్ని మూడుకు తగ్గించాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువెంతో ముందు కనుక్కుని, మొదటి సెట్ అందులో సగంతో, రెండోది ముప్పావుతో, మూడోది పూర్తి బరువుతో.

ఈ మెట్ల పద్ధతి కోలుకునేవాళ్లకు ఇప్పటికీ బాగా పనికొస్తుంది. సగం బరువుతో చేసే మొదటి సెట్‌లోనే భుజం ఇవాళ ఎలా ఉందో తెలిసిపోతుంది. అక్కడే నొప్పి ఉంటే మిగతా రెండూ మానేయొచ్చు.

బరువు ఎప్పుడు పెంచాలన్నదానికి ట్రైనర్లు వాడే లెక్క ఉంది. చివరి సెట్‌లో అనుకున్నదానికంటే రెండు ఎక్కువ చేయగలిగితే, అలా వరసగా రెండు రోజులు జరిగితే, అప్పుడు 2 నుంచి 10 శాతం పెంచాలి. చిన్న బరువుల దగ్గర ఈ నియమం తలకిందులవుతుంది. దుకాణంలో డంబెల్స్ కిలో, రెండు కిలోలు, మూడు కిలోలు అని దొరుకుతాయి. కిలో నుంచి రెండుకి వెళ్తే పెరిగింది 10 శాతం కాదు, 100 శాతం. కోలుకుంటున్న చాలా భుజాలు మళ్లీ మంటపుట్టేది ఈ ఒక్క అడుగులోనే అని నా నమ్మకం. దీనికి నీళ్ల సీసాను మించిన పరికరం లేదు. లీటరున్నర సీసాలో ముందు అర లీటరు నీళ్లు పోయండి, అది అర కిలో. మందు సీసాతో వచ్చే కొలత మూతతో 50 మిల్లీలీటర్లు కలిపితే 50 గ్రాములు, సరిగ్గా 10 శాతం. కిలో దగ్గరికి చేరాక 100 మిల్లీలీటర్ల చొప్పున పెంచుకోవచ్చు. సీసా మీద పెన్నుతో గీత గీసి పక్కన తేదీ వేసుకుంటే పుస్తకం కూడా అక్కర్లేదు.

నొప్పి ఎంతవరకు ఓర్చుకోవాలి? అసలు నొప్పే ఉండకూడదని కొందరు, నొప్పి ఉంటేనే పని జరుగుతుందని కొందరు చెబుతారు. స్వీడన్‌లోని లిన్‌షాపింగ్‌లో 2012లో ప్రచురించిన ప్రయోగం రెండింటి మధ్యా ఒక గీత గీసింది. భుజం సర్జరీ కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లను రెండు బృందాలుగా విడదీశారు. ఒక బృందానికి కఫ్, రెక్క ఎముక కండరాలకు బరువు పెంచుకుంటూ పోయే కసరత్తులు 12 వారాలు. 15 రెప్స్ చొప్పున 3 సెట్లు, మొదటి 8 వారాలు రోజుకు రెండుసార్లు. రెండో బృందానికి బరువు లేని మామూలు కదలికలు. 10కి 5 దాకా నొప్పి వచ్చినా ఫరవాలేదు, కానీ మళ్లీ కసరత్తు చేసే వేళకు అది తగ్గిపోయి ఉండాలి అన్నది నియమం. మూడు నెలల తర్వాత ఇక సర్జరీ కావాలన్నవాళ్లు మామూలు కదలికల బృందంలో 63 శాతం, బరువుల బృందంలో 20 శాతం.

వీళ్లకు ఉన్నది కఫ్ రాపిడి నొప్పి. కొత్తగా కుట్టిన టెండన్ మీదా, అతుకుతున్న ఎముక మీదా ఈ 5 అంకెను వాడకూడదు. అక్కడ ఫిజియోలు సాధారణంగా రెండు దాటనివ్వరు. ఏ గాయానికైనా మర్నాటి పొద్దున చూసుకోవాలి. కసరత్తు చేసినప్పటి నొప్పి కంటే నిద్ర లేచాక ఉన్న నొప్పి ఎక్కువ నిజం చెబుతుంది. నిన్నటి కంటే ఎక్కువుంటే సీసాలో నీళ్లు తగ్గించాలి.

ఫిజియో దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లాలన్నది డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న. బ్రిటన్‌లో కఫ్ నొప్పి ఉన్న 708 మంది మీద జరిగిన గ్రాస్ప్ అనే పెద్ద ప్రయోగం 2021లో వెలువడింది. కొందరికి 16 వారాల్లో ఆరుసార్ల దాకా ఫిజియో కూర్చోబెట్టి కసరత్తు నేర్పారు, కొందరికి ఒక్కసారి వివరంగా చెప్పి ఇంటికి పంపారు. ఏడాది పాటు చూస్తే నొప్పి, పనితనాల్లో వందకు ఒక్క పాయింటు తేడా కూడా రాలేదు. జిల్లా కేంద్రానికి బస్సెక్కి వెళ్లి, కూలి పోగొట్టుకుని, ప్రతి సిట్టింగ్‌కూ డబ్బు కట్టే మనిషికి ఈ ఫలితం చాలా ముఖ్యం. మంచి ఫిజియో దగ్గర ఒక గంట, ఆ తర్వాత ఇంట్లో క్రమం తప్పని మూడు నెలలు. కఫ్ నొప్పికి అది చాలదనడానికి ఆధారం లేదు. సర్జరీ అయినవాళ్లకు, భుజం జారినవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లకు దశ మారినప్పుడల్లా పరీక్ష అవసరం.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే షుగర్ ఉన్నవాళ్లలో 13 శాతానికి పైగా భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్‌తో ఉన్నారు. చిన్న దెబ్బ తగిలి నాలుగు వారాలు చెయ్యి కదపకపోయినా అది మొదలుకావచ్చు. రాత్రి నొప్పితో నిద్ర పట్టని దశలో బరువులు పనికిరావు, నొప్పి దాకా వెళ్లని మెత్తని కదలికలే చేయాలి. బిగువు సడలడం మొదలయ్యాకే సీసా సంగతి.

కండ పెరగాలంటే తిండీ కావాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన రోజువారీ ప్రొటీన్ కిలో బరువుకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తేవాళ్ల మీద జరిగిన 49 అధ్యయనాలను కలిపి చూస్తే, కండ పెరుగుదలకు ఉపయోగపడే మోతాదు 1.6 గ్రాముల దగ్గర ఆగింది, అంటే 96 గ్రాములు. పప్పన్నం, పెరుగన్నంతో గడిచే మన పళ్లెంలో మొదటి అంకె చేరడమే గగనం. గుడ్డు 6 గ్రాములు, గ్లాసు పాలు 6 గ్రాములు, వంద గ్రాముల కందిపప్పు 22 గ్రాములు. ఆ పప్పు ఇంటిల్లిపాదీ పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది ఐదారు గ్రాములే. కోలుకునే నెలల్లో రోజుకు రెండు గుడ్లూ, గుప్పెడు వేరుశనగలూ, ఇంకో గరిటె చిక్కటి పప్పూ కలిపితే 70 గ్రాముల దగ్గరికి రావచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగాకే పెంచాలి.

మళ్లీ జిమ్‌లోకి

గాయమైన చేతి బలం మంచి చేతి బలంలో 90 శాతానికి చేరాక ఆటలకు పంపడం స్పోర్ట్స్ ఫిజియోల వాడుక. కుడిచేతివాటం వాళ్లకు కుడి పట్టు మామూలుగానే పది శాతం దాకా ఎక్కువుంటుంది కాబట్టి, గాయమైంది కుడి చెయ్యి అయితే ఎడమతో సమానం కావడం సరిపోదు. ఇంట్లో కొలవాలంటే ఒకే సీసాతో, పైన చెప్పిన పక్కకు పడుకునే కసరత్తును ఏ చెయ్యి ఎన్నిసార్లు చేయగలదో లెక్కపెట్టండి. మంచి చెయ్యి 20 చేస్తే రెండోది 18 చేయాలి.

జిమ్‌లో ముందు లాగే కసరత్తులు, తర్వాత నెట్టేవి, అన్నిటికంటే చివర తల మీదికెత్తేవి. నెట్టేవాటిలో పుషప్స్‌కి అంకెలు ఉన్నాయి. 2011లో కొలిచిన దాని ప్రకారం, నేల మీద మామూలు పుషప్‌లో చేతుల మీద పడేది శరీర బరువులో 64 శాతం. మోకాళ్ల మీద చేస్తే 49 శాతం. చేతులు 30 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే 55, 60 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే 41. డెబ్బై కిలోల మనిషికి ఇవి వరసగా 45, 34, 39, 29 కిలోలు. గోడకు చేసే పుషప్ ఇంకా తక్కువ. అందుకని గోడ, ఆ తర్వాత మోకాలెత్తు బల్ల, ఆ తర్వాత మోకాళ్ల మీద, తర్వాత అడుగెత్తు మెట్టు, చివరికి నేల. ఒక్కో మెట్టు దగ్గర 15 రెప్స్ చొప్పున 3 సెట్లు మర్నాటి నొప్పి లేకుండా రెండు వారాలు నడిస్తేనే కిందికి దిగాలి. భుజం జారి కోలుకున్నవాళ్లు ఛాతీ నేలకు తగిలేదాకా వెళ్లొద్దు, మోచెయ్యి వీపు కంటే వెనక్కి పోయే చోటే ఆపేయాలి. మెడ వెనక్కి బార్ దించే ప్రెస్‌నూ, బెంచీ అంచున చేసే డిప్స్‌నూ వాళ్లు ఏడాది దాకా ముట్టుకోకపోవడమే మంచిది. ఆ రెండూ కీలును సరిగ్గా అది జారిన దిక్కులోకే నెడతాయి.